ప్రొటీన్ తగ్గిస్తే వార్ధక్యం ఆలస్యమవుతుందా? నాన్నగారి ఆహారం గురించి ఒక సందేహం

మారతహళ్లి_నివాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి అరవై తొమ్మిదేళ్లు. నెల్లూరులో లెక్కల మాస్టారుగా రిటైరై, ఇప్పుడు బెంగళూరులో మా దగ్గరే ఉంటున్నారు. చాలాకాలంగా షుగర్ ఉంది, మందులతో అదుపులోనే ఉంది. ఈ మధ్య ఆయన వార్ధక్యాన్ని వాయిదా వేయడం గురించి ఒక ఉపన్యాసం విన్నారు. ప్రొటీన్ తిన్నప్పుడల్లా కణాలలో ఎంటార్ అనేది మేలుకుంటుందని, అది ఎంత అణిగి ఉంటే మనిషి అంత ఎక్కువకాలం బతుకుతాడని, ఎలుకలలో ఇది రుజువైందని అందులో చెప్పారట. అప్పటినుంచి ఉదయం తినే గుడ్డు మానేశారు. ముద్దపప్పు ఒక చెంచాకు మించి వేయనివ్వడం లేదు. రాత్రి భోజనం బదులు ఒక జామకాయతో సరిపెట్టుకుంటున్నారు.

బరువు తగ్గిందని ఆయన సంతోషంగా ఉన్నారు. నాకు మాత్రం భయంగా ఉంది. ఇదివరకు సోఫాలోంచి మాట్లాడుతూనే లేచేవారు. ఇప్పుడు రెండు చేతులూ మోకాళ్ల మీద మోపి, ఒకసారి ముందుకు ఊగి, అప్పుడు లేస్తున్నారు. మొన్న ఆవకాయ సీసా మూత తిప్పలేక మా అబ్బాయి చేతికిచ్చారు.

మరోవైపు మా అపార్ట్‌మెంట్ జిమ్‌లోని శిక్షకుడు, పెద్దవాళ్లు ప్రొటీన్ ఇంకా ఎక్కువ తినాలని అంటున్నాడు. ఈ రెండింటిలో ఏది నిజం? ఇంటర్ తర్వాత నేను జీవశాస్త్రం చదవలేదు, అయినా వివరంగా చెబితే ఓపికగా చదువుతాను. కారణం చూపకుండా "తినండి నాన్నా" అంటే ఆయన వినే మనిషి కారు. ర్యాపమైసిన్ అనే మాత్ర తెప్పించుకోవచ్చా అని కూడా అడుగుతున్నారు.

కణసంకేతం

మీ నాన్నగారు విన్నదాంట్లో అబద్ధం లేదు, కానీ విన్నది సగమే. నేను కైనేజ్ ఎంజైముల మీద పనిచేస్తున్న పరిశోధక విద్యార్థిని. మాస్టారు కారణం అడిగే మనిషి అంటున్నారు కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

1964లో ఈస్టర్ దీవికి వెళ్లిన కెనడా బృందం అక్కడి మట్టిని సేకరించి తెచ్చింది. ఆ మట్టిలోని ఒక బ్యాక్టీరియా తయారుచేసే పదార్థాన్ని మాంట్రియల్‌లోని అయర్స్ట్ ప్రయోగశాలలో సురేన్ సెహగల్ బృందం వేరుచేసింది. అదే ర్యాపమైసిన్. అది కణంలో దేన్ని పట్టుకుని పనిచేస్తుందని వెతుకుతూ, 1991లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో మైకేల్ హాల్, ఆయన సహచరులు ఈస్ట్ కణాలలో టార్ జన్యువులను కనుగొన్నారు. క్షీరదాలలో ఉండే దాని రూపమే ఎంటార్. ఇతర ప్రొటీన్లకు ఫాస్ఫేట్‌ను అతికించి వాటి పనితీరును మార్చే ఎంజైమ్ అది; అలాంటి ఎంజైములనే కైనేజులు అంటారు.

పప్పన్నం తిన్న తర్వాత కండరకణంలో జరిగేది చూడండి. పప్పులోని ప్రొటీన్ పేగులో అమైనో ఆమ్లాలుగా విడిపోయి రక్తంలో చేరుతుంది. వాటిలో ఒకటైన ల్యూసిన్ కణంలోకి వెళ్లి సెస్ట్రిన్‌-2 అనే ప్రొటీన్‌కు అతుక్కుంటుంది. అంతవరకు ఎంటార్ దారికి అడ్డంగా ఉన్న సెస్ట్రిన్ దానితో తప్పుకుంటుంది. అప్పుడు ర్యాగ్ అనే చిన్న ప్రొటీన్లు ఎంటార్‌ను లైసోజోమ్ (కణంలో వ్యర్థాలను విడగొట్టే చిన్న సంచి) ఉపరితలం మీదికి చేరుస్తాయి. అయితే అక్కడికి చేరినంత మాత్రాన అది పూర్తిగా పనిలోకి దిగదు, ఇన్సులిన్ కబురు కూడా అందాలి. ఇన్సులిన్ తన గ్రాహకాన్ని తాకగానే పీఐ3 కైనేజ్, దాని వెనుక ఏకేటీ చేతనమవుతాయి. ఏకేటీ వెళ్లి టీఎస్‌సీ అనే నిరోధకాన్ని తప్పిస్తుంది. దానితో లైసోజోమ్ మీద ఉన్న రెబ్ అనే ప్రొటీన్ ఎంటార్‌ను నడిపిస్తుంది. అంటే ముడిసరుకు ఉందని అమైనో ఆమ్లాలు, శరీరం మొత్తానికి తిండి అందిందని ఇన్సులిన్, రెండూ చెబితేనే కణం పెరుగుదలకు ఖర్చు పెడుతుంది. ఈ జాగ్రత్తను నేను ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యం తగ్గదు.

చేతనమైన ఎంటార్ ఒకవైపు ఎస్‌6 కైనేజ్ వంటి వాటి ద్వారా కొత్త ప్రొటీన్ల తయారీని పెంచుతుంది. మరోవైపు యూఎల్‌కే1 అనే ఎంజైమ్‌ను అణచి ఆటోఫజీని ఆపుతుంది. కణం తనలోని పాడైన ప్రొటీన్లను, శక్తిని తయారుచేసే భాగాలైన మైటోకాండ్రియాలను విడగొట్టి తిరిగి వాడుకునే ప్రక్రియే ఆటోఫజీ. దాని యంత్రాంగాన్ని వెలికితీసినందుకే యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇంటి మీద కొత్త అంతస్తు లేపుతున్నంతకాలం కింది గోడల మరమ్మతు ఎవరూ పట్టించుకోనట్టే, ఎంటార్ ఎప్పుడూ చురుగ్గానే ఉంటే కణంలో చెత్త పేరుకుంటుంది. ర్యాపమైసిన్ ఈ ఎంటార్‌ను అణచుతుంది. 2009లో అమెరికాలోని మూడు ప్రయోగశాలలు కలిసి, 600 రోజుల వయసు, అంటే మనిషి లెక్కలో సుమారు అరవై ఏళ్లు దాటిన ఎలుకలకు దాన్ని మేతలో కలిపి పెట్టాయి. నూటికి తొంభై ఎలుకలు చనిపోయే వయసును కొలిస్తే, అది ఆడవాటిలో 14 శాతం, మగవాటిలో 9 శాతం పెరిగింది. మాస్టారు విన్న ఉపన్యాసానికి ఆధారం ఇలాంటి ఫలితాలే.

ఇక రెండో సగం. కండరంలో మాత్రమే ఎంటార్ సముదాయం పనిచేయకుండా చేసిన ఎలుకలకు కండరాలు శుష్కించి డిస్ట్రోఫీ వంటి జబ్బు వచ్చింది. దానికి విరుద్ధంగా, టీఎస్‌సీ నిరోధకాన్ని తీసేసి కండరంలో ఎంటార్‌ను నిరంతరం పనిచేయించిన ఎలుకలకు కూడా వయసు పెరిగేసరికి కండరాల జబ్బే వచ్చింది, ఎందుకంటే వాటిలో ఆటోఫజీ ఆగిపోయింది. ఈ రెండు ప్రయోగాలనూ పక్కపక్కన పెట్టి చూపిస్తే మాస్టారికి విషయం అందుతుందని నా నమ్మకం. కండరానికి కావలసింది తక్కువ ఎంటార్ కాదు, ఎక్కువ ఎంటార్ కూడా కాదు. తిన్నప్పుడు, బరువులెత్తినప్పుడు పెరిగి, ఆ తర్వాత తగ్గే ఎంటార్ కావాలి. మనుషులలో కూడా, వ్యాయామానికి ముందు ర్యాపమైసిన్ ఇస్తే కండరంలో కొత్త ప్రొటీన్ల తయారీలో రావలసిన పెరుగుదల రాలేదని 2009లోనే చూపించారు.

ఇంకొక మాట. ప్రయోగశాల ఎలుక రోగక్రిములు లేని పంజరంలో బతుకుతుంది. దానికి మెట్లు దిగడం, తడి బాత్రూంలో జారకుండా నిలదొక్కుకోవడం అనే అవసరాలు లేవు. అరవై తొమ్మిదేళ్ల మనిషి ఆయుష్షు వీటి మీద కూడా ఆధారపడి ఉంటుంది.

వృద్ధవైద్యం_జయనగర్

పై వివరణతో ఏకీభవిస్తూ, వైద్యురాలిగా కొన్ని విషయాలు చేరుస్తాను. అందులో మొదటిది ఆలస్యం చేయకూడనిది. మీ నాన్నగారి షుగర్ మాత్రల అట్ట మీద మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉందా, దానితో పాటు గ్లిమెపిరైడ్ లేదా గ్లిక్లాజైడ్ అన్న పేరు కూడా ఉందా అన్నది ఈ రోజే చూడండి. మన దేశంలో ఇవి కలిసిన మాత్రలు చాలామంది వాడుతున్నారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. రెండోది కలిసి ఉంటే మాత్రం, రాత్రి భోజనం మానేసి మాత్ర వేసుకునే మనిషికి నిద్రలో షుగర్ పడిపోయే అవకాశం ఉంది. ఆ మాట వైద్యుడికి చెప్పకుండా భోజనం మానడం తగదు.

రెండోది, మీరు వర్ణించిన ఆ లేవడం. సార్కోపీనియా అని మేము పిలిచే కండర క్షీణతను గుర్తించడానికి వాడే పరీక్షలలో అది ఒకటి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, మామూలు ఎత్తున్న కుర్చీలోంచి వరుసగా ఐదుసార్లు లేచి కూర్చోమనండి, మీరు పక్కనే నిలబడండి. 2019లో ఆసియా దేశాల నిపుణులు కుదుర్చుకున్న ప్రమాణం ప్రకారం, దీనికి 12 సెకన్లు, లేదా అంతకు మించి పడితే కండరాల పనితీరు తగ్గిందని అనుమానించాలి. సీసా మూత తిప్పలేకపోవడం కూడా పట్టు తగ్గిందనడానికి సూచనే. షుగర్ ఉన్న పెద్దవారిలో బరువు తగ్గినప్పుడు తగ్గింది కొవ్వా, కండరమా అని తప్పక అడగాలి.

మీ అసలు ప్రశ్నకు జవాబులో వయసు చాలా ముఖ్యం. అమెరికా జాతీయ ఆరోగ్య సర్వే సమాచారం ఆధారంగా 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో, 50 నుంచి 65 ఏళ్ల మధ్య ఎక్కువ ప్రొటీన్, ముఖ్యంగా జంతు ప్రొటీన్ తిన్నవారిలో మరణాలు, క్యాన్సర్ మరణాలు ఎక్కువగా కనిపించాయి. అదే అధ్యయనంలో 65 దాటినవారి దగ్గరకు వచ్చేసరికి లెక్క తలకిందులైంది: ఎక్కువ ప్రొటీన్ తిన్నవారిలోనే మొత్తం మరణాలూ, క్యాన్సర్ మరణాలూ తక్కువ. ఇది పరిశీలన మాత్రమే, కారణాన్ని నిరూపించదు. అయినా ప్రొటీన్ తగ్గించాలనే సలహాకు ఆధారంగా ఎక్కువమంది ఉదహరించే అధ్యయనమే ఇలా చెబుతున్నప్పుడు, అరవై తొమ్మిదేళ్ల మనిషి పళ్లెంలోంచి గుడ్డు తీసేయడానికి దాన్ని వాడుకోకూడదు.

వయసు మీరిన కండరం అదే మోతాదు అమైనో ఆమ్లాలకు యువకుల కండరం స్పందించినంతగా స్పందించదు. అందుకే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సాధారణ పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ అని చెబుతుండగా, వృద్ధుల పోషణ మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణులు అరవై ఐదు దాటినవారికి 1 నుంచి 1.2 గ్రాములు సూచిస్తున్నారు. అరవై కిలోల మనిషికి అది 60 నుంచి 72 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది దాదాపు 6 గ్రాములే కాబట్టి, ఒక చెంచా పప్పుతో, ఒక జామకాయతో ఆ లెక్క తేలదని మాస్టారికి వేరే చెప్పనక్కర్లేదు. మూత్రపిండాల జబ్బు ముదిరినవారికి మాత్రం ఈ సలహా వర్తించదు. షుగర్ ఉంది కనుక ముందుగా సీరం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించండి.

భీమవరం_విద్యార్థి

ఎంటార్ గురించి ఇంత చెప్పుకున్నప్పుడు దానికి కళ్లెం వేసే ఏఎంపీకే అనే ఎంజైమ్ గురించీ చెప్పుకోవాలి. దాని కథ మన ఊరివాడి దగ్గర మొదలవుతుంది కాబట్టి నాకు ఇది ఇష్టమైన విషయం. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కచ్చితంగా కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఆ కొలతే ఆధారంగా కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ తర్వాత 1929లో ఏటీపీని గుర్తించారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నారు. కణంలో శక్తి చెలామణి అయ్యేది ఈ ఏటీపీ రూపంలోనే. పై సమాధానంలో చెప్పిన కైనేజులన్నీ అతికించే ఫాస్ఫేట్ కూడా దీని నుంచి తీసుకున్నదే.

మీ నాన్నగారు మెట్లెక్కుతుంటే తొడ కండరంలో ఏటీపీ ఖర్చవుతుంది, దాని అవశేషమైన ఏఎంపీ పెరుగుతుంది. ఏఎంపీ అతుక్కోగానే ఏఎంపీకే చేతనమై, టీఎస్‌సీ నిరోధకాన్ని బలపరిచి ఎంటార్‌ను తగ్గిస్తుంది, యూఎల్‌కే1కు ఊతమిచ్చి ఆటోఫజీని నడిపిస్తుంది. ఉపవాసం ద్వారా మాస్టారు కోరుకుంటున్న ఆ మరమ్మతు పని కండరాన్ని కష్టపెట్టినప్పుడు కూడా జరుగుతుందన్నమాట. తర్వాత తిన్న భోజనంలోని ల్యూసిన్ అదే కండరంలో నిర్మాణాన్ని మొదలుపెడుతుంది. రెండూ ఒకే రోజులో ఇముడుతాయి.

మెట్‌ఫార్మిన్ కూడా మైటోకాండ్రియా పనిని కొద్దిగా అడ్డుకుని, పరోక్షంగా ఏఎంపీకేను పెంచుతుంది. దాన్ని దీర్ఘాయుష్షు మందుగా చూడడానికి అదొక కారణం. కానీ 2019లో వెలువడిన ఒక పరీక్షలో, షుగర్ లేని అరవై ఐదు దాటినవారు బరువులతో వ్యాయామం చేసినప్పుడు, మెట్‌ఫార్మిన్ తీసుకున్నవారికి కండరం తక్కువగా పెరిగింది. మీ నాన్నగారికి అది షుగర్ మందు కాబట్టి ఆపమని దీని అర్థం కాదు. షుగర్ లేనివారు కేవలం ఆయుష్షు కోసం దాన్ని మొదలుపెట్టే ముందు మాత్రం ఆలోచించాలి.

మారతహళ్లి_నివాసి

అందరికీ కృతజ్ఞతలు. అట్ట చూశాను, గ్లిమెపిరైడ్ ఉంది. వెంటనే ఆయన వైద్యుడికి ఫోన్ చేశాను, ఈ రాత్రి నుంచే భోజనం మొదలుపెట్టించమన్నారు. పై సమాధానాలన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. రెండు రకాల ఎలుకల ప్రయోగం దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నారు. ఆయన అడిగిన ప్రశ్న ఇది: అలాగైతే పురుగుల్లో, ఎలుకల్లో ఆయుష్షు పెంచిన ఈ మార్గాలకు మనుషుల ఆయుష్షుతో అసలు సంబంధం ఉందా, లేదా?

కణసంకేతం

సంబంధం ఉంది, అయితే అది పురుగుల్లో కనిపించినంత పెద్దది కాదు.

1993లో సింథియా కెన్యన్ బృందం, సాధారణంగా రెండు మూడు వారాలు బతికే సీ. ఎలిగాన్స్ అనే సూక్ష్మమైన పురుగులో డాఫ్‌-2 అనే ఒక్క జన్యువు బలహీనపడితే ఆయుష్షు రెట్టింపుకు పైగా పెరిగిందని చూపింది. డాఫ్‌-16 అనే మరో జన్యువు లేకపోతే ఆ లాభం రాలేదు. 1997లో గ్యారీ రవ్కన్ ప్రయోగశాల డాఫ్‌-2 అంటే మన ఇన్సులిన్, పెరుగుదలను ప్రేరేపించే ఐజీఎఫ్‌-1 గ్రాహకాలకు బంధువని తేల్చింది. డాఫ్‌-16 మన ఫాక్సో ప్రొటీన్లకు బంధువని కూడా అదే ఏడాది తేలింది. ఇన్సులిన్ సంకేతం బలంగా ఉన్నంతసేపు ఏకేటీ ఫాక్సోకు ఫాస్ఫేట్ అతికించి దాన్ని కేంద్రకం బయటే ఉంచుతుంది. సంకేతం తగ్గితే ఫాక్సో కేంద్రకంలోకి వెళ్లి, ఆక్సీకరణ ఒత్తిడిని తట్టుకునే, పాడైన ప్రొటీన్లను సరిచేసే జన్యువులను పనిచేయిస్తుంది.

మనుషుల దగ్గరకు వస్తే, హవాయిలోని జపాన్ సంతతి పురుషుల మీద 2008లో జరిగిన అధ్యయనంలో, ఫాక్సో‌-3 జన్యువులోని ఒక రూపాంతరం దీర్ఘాయుష్కులలో ఎక్కువగా కనిపించింది. తర్వాత ఇతర జనాభాలలో కూడా ఈ సంబంధం కనిపించింది. దక్షిణ ఈక్వడార్‌లో పెరుగుదల హార్మోన్ గ్రాహకం పనిచేయని కొన్ని కుటుంబాల మనుషులు ఉన్నారు, వారికి ఐజీఎఫ్‌-1 చాలా తక్కువ, ఎత్తూ చాలా తక్కువ. 2011లో ప్రచురించిన వివరాల ప్రకారం వారిలో ఎవరికీ షుగర్ లేదు, క్యాన్సర్ కూడా ప్రాణాంతకం కాని ఒక్క కేసు మాత్రమే. అదే గ్రాహకం లేని ఎలుకలు మామూలు ఎలుకల కంటే చాలా ఎక్కువకాలం బతుకుతాయి. ఈ మనుషుల ఆయుష్షు మాత్రం వారి బంధువుల కంటే ఎక్కువేమీ కాదు, ఎందుకంటే వారిలో చాలామంది ప్రమాదాలు, మద్యం వంటి ఇతర కారణాలతో చనిపోయారు. నాకు ఇందులో కనిపించేది ఇదే: ఈ మార్గాలు మనిషిలో కొన్ని జబ్బుల అవకాశాన్ని బలంగా మారుస్తాయి, ఆయుష్షును మాత్రం ఇంకా చాలా విషయాలు నిర్ణయిస్తాయి. పైగా ఆ కుటుంబాలవారికి ఆ మార్పు పుట్టుకతో వచ్చింది. అరవై తొమ్మిదో ఏట పప్పు మానేయడం దానికి సమానం కాదు.

శ్రీనివాసపుర_మామిడితోట

మాది కోలారు జిల్లా శ్రీనివాసపుర దగ్గర పల్లె, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ 2018 నుంచి మా తాలూకా గ్రామాలలో 45 ఏళ్లు దాటిన పదివేలమందిని ఏళ్ల తరబడి గమనించాలనే లక్ష్యంతో ఒక అధ్యయనం చేస్తోంది. జ్ఞాపకశక్తి, రక్తం, మెదడు స్కాన్ అన్నీ చూస్తారు. అదే విజ్ఞాన సంస్థలో 2024లో మొదలైన లాంజివిటీ ఇండియా కార్యక్రమం కూడా మన జనంలో ఆరోగ్యంగా వయసు మీరేవారి జీవసూచికలను వెతుకుతోంది. ఈ చర్చలో వచ్చిన మనుషుల అధ్యయనాలన్నీ అమెరికా, హవాయి, ఈక్వడార్‌లవే. రాగి సంగటి, అలసందలు తిని, పగలంతా తోటలో వంగి లేచే మా పెద్దవాళ్ల శరీరాలలో ఈ సంకేతాలు ఎలా నడుస్తాయో చెప్పే కొలతలు మన దగ్గరే పుట్టాలని నా గట్టి కోరిక.

వృద్ధవైద్యం_జయనగర్

అట్ట చూసి వెంటనే ఫోన్ చేసినందుకు సంతోషం. మిగిలిన రెండు సంగతులు చెబుతాను.

ర్యాపమైసిన్‌ను అమెరికాలో 1999లో మూత్రపిండ మార్పిడి రోగులకు, శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరించకుండా ఆపే మందుగా అనుమతించారు. నోటి పుండ్లు, కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు పెరగడం, గాయాలు నెమ్మదిగా మానడం, ఇన్‌ఫెక్షన్లు దాని దుష్ఫలితాలు. షుగర్ ఉన్నవారిలో అది షుగర్‌ను ఇంకా పెంచవచ్చు. దాని జాతికే చెందిన ఎవెరొలిమస్‌ను తక్కువ మోతాదులో కొన్ని వారాలు వాడిన పెద్దవారిలో ఫ్లూ టీకాకు స్పందన మెరుగుపడిందని 2014లో ఒక పరీక్ష చూపింది, కాబట్టి ఈ దిశలో పరిశోధన జరగవలసిందే. కానీ ఆరోగ్యంగా ఉన్న మనిషి ఆయుష్షును ఇది పెంచిందని చూపిన పరీక్ష ఏదీ లేదు. బరువు, కండరం తగ్గుతున్న మీ నాన్నగారికి ఈ మందు వద్దని స్పష్టంగా చెబుతున్నాను.

ఆహారంలో ఒక్కసారిగా మార్పు చేయనక్కర్లేదు. ఉదయం గుడ్లు, మధ్యాహ్నం గట్టి పప్పు, పెరుగు, రాత్రి పెసరట్టు లేదా పనీర్ కూర అన్నట్టు మూడు పూటలా ప్రొటీన్‌ను పంచండి, ఎందుకంటే వయసు మీరిన కండరానికి ఒక్కో పూటా తగినంత అందితేనే ఎంటార్ స్పందిస్తుంది. కుర్చీలోంచి లేచి కూర్చోవడాన్నే వ్యాయామంగా మొదలుపెట్టించి, తర్వాత ఫిజియోథెరపిస్టు దగ్గర బరువులు నేర్పించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బీ12 తగ్గుతుంది కనుక, క్రియాటినిన్‌తో పాటు బీ12, విటమిన్ డీ పరీక్షలు కూడా రాయించుకోండి. భోజనం మళ్లీ మొదలైంది కాబట్టి, మందు మోతాదు సరిపోతోందో లేదో తెలియడానికి రెండు వారాల పాటు ఉదయం పరగడుపున, రాత్రి పడుకునే ముందు గ్లూకోమీటర్‌తో చూసి నోటుపుస్తకంలో రాసి, ఆ కాగితాన్ని మీ వైద్యుడికి చూపించండి.